మైసమ్మ దగ్గర కెమెరా

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఇంతవరకు ఏ తప్పూ చెయ్యలేదు. మనుషులన్నాక ఒకరికి నోరు జారుతుంది, ఒకరికి చెయ్యి జారుతుంది. కమలాకర్ గారికి ఏదీ జారదు. కారు గేటుకు గీసుకుపోతే తప్పు గేటును ఇరుగ్గా కట్టిన మేస్త్రీది. టీలో చక్కెరకు బదులు ఉప్పు పడితే రెండిటినీ తెల్లగా పుట్టించిన దేవుడిది. ఇలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో, మామూలు మొగుళ్లున్న ఆడవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఈయన నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. వేగం, జడత్వం అని బోర్డు మీద బొమ్మలేసి మరీ చెబుతారు. స్టీరింగ్ పట్టుకున్నాక ఆ పాఠాలు పరీక్షకే గాని ప్రాణానికి కాదన్నట్టు నడుపుతారు. కారు కొన్న కొత్తలో చిట్యాలలో పెళ్లికి పోతూ స్పీడ్ బ్రేకర్ మీద నుంచి కారును ఎగరేశారు. వెనక సీట్లో ఉన్న మా అత్తమ్మ అమృతమ్మ తల పైకప్పుకు ఠంగుమని కొట్టుకుంది.

"నెత్తి పగిలింది కొడుకా," అంది అత్తమ్మ.

"స్పీడ్ బ్రేకర్‌కు రంగు వెయ్యలేదమ్మా. ఎట్ల కనవడ్తది?" అన్నారు ఈయన.

ఆ రోజు నుంచి అత్తమ్మ ఆ కారు ఎక్కలేదు. మోకాళ్లు పట్టుకుని బస్సులు మారేది గానీ కొడుకు పక్కకు వచ్చేది కాదు. "బస్సుల ఆడోళ్లకు టికెట్ గూడ లేదు. గా కారుల పానం టికెట్టు," అనేది.

ఇంతలో ఈయన ఫోన్‌కు చలాన్లు రావడం మొదలైంది. విజయవాడ రోడ్డు మీద కెమెరాలు ఫోటోలు తీసి పంపుతున్నాయి. ఇంకొకరైతే నెమ్మదిగా నడిపేవారు. ఈయన మాత్రం కెమెరాల మీద కోపం తెచ్చుకున్నారు. "దొంగ లెక్క దాక్కొని తీస్తరా?" అని ఊగిపోయి, చివరికొక పరిష్కారం కనిపెట్టారు. కారులోనే ఉన్న మ్యాపులో పెట్రోల్ బంకులు కనిపిస్తాయి, హోటళ్లు కనిపిస్తాయి, కెమెరాలు కనిపించవు. వాటిని మనమే ఎక్కించుకుంటే ముందే గంట కొట్టి చెబుతుందట.

నెట్‌లో కెమెరాల జాబితా దొరికింది. దాన్ని తన పద్ధతిలో సవరించి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి కారులో పెట్టారు. గంట మోగలేదు. తప్పు పెన్ డ్రైవ్‌ది అన్నారు. తర్వాత ల్యాప్‌టాప్‌ది. ఆ తర్వాత పెన్ డ్రైవ్ కొన్న నాది.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. ఆ చదువు ఇన్నేళ్లూ ఈయన ప్రశ్నాపత్రాలు టైపు చేయడానికి పనికొచ్చింది. ఫైలు తెరిచి చూస్తే అక్షాంశాల చోట రేఖాంశాలు, రేఖాంశాల చోట అక్షాంశాలు ఉన్నాయి. మా చిట్యాల కెమెరాలన్నీ ఉత్తర ధ్రువం పక్కన మంచులో నిలబడి ఎలుగుబంట్లను ఫోటోలు తీస్తున్నాయి.

"ఇవి తారుమారు అయినయండీ," అన్నాను.

"ఆ వెబ్‌సైటోడు తిప్పి పెట్టిండు," అన్నారు.

సరిచేసి ఇచ్చాను. గంట మోగింది. ఇక చూడండి ఆ సంబరం! గంట వినగానే బ్రేకు, కెమెరా దాటగానే తొక్కుడు. ఆవు మెడలో గంట కడితే ఆవు ఎక్కడుందో తెలుస్తుంది. మా ఆయనకు గంట కడితే కెమెరా ఎక్కడ లేదో తెలిసింది.

అప్పుడే కొల్లాపూర్ నుంచి అత్తమ్మ అక్క ఫోన్ చేసింది. ఆమె పేరు వెంకటనర్సమ్మ. దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది, మర్నాడు పట్టీ విప్పుతారు. "పట్టీ ఇప్పంగనే ముందుగాల నీ మొఖమే సూస్తనే అమృతా. నువ్వు రాకుంటె కన్ను తెరువ," అంది.

అత్తమ్మకు ఆ వారం మోకాళ్లు బాగా వాచి ఉన్నాయి. బస్సులు మారడం కుదరదు. కుదిరేది కారొక్కటే. ఆమె నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

"వాడు మెల్లగ నడుపుతడా సంధ్యా?"

"నడుపుతరు అత్తమ్మా. నాది జిమ్మ."

"ఒక్కపారి నా గుండె జల్లుమన్నా దిగిపోత మరి."

మాటైతే ఇచ్చాను. ఫైలు తెరిచి చూస్తే దేవరకొండ, డిండి, కల్వకుర్తి మీదుగా కొల్లాపూర్ పోయే దారిలో కెమెరాలు దాదాపు లేవు. అంటే నల్లగొండ దాటగానే మా ఆయనకు పట్టపగ్గాలుండవు. మధ్యాహ్నం అన్నం తిని ఆయన కునుకు తీస్తుండగా, ప్రభుత్వానికి ఇంకా రాని కొన్ని ఆలోచనలు నాకొచ్చాయి. ఫైల్లో, రోడ్డు మీదున్న ప్రతి బడి ముందు ఒక కెమెరా పెట్టాను. మలుపుల దగ్గర పెట్టాను. డిండి దాటాక వేపచెట్టు కింద మైసమ్మ గుడి ఉంటుంది. ఆ దారిన పోయే లారీవాళ్లంతా అక్కడ నెమ్మది చేసి, హారన్ కొట్టి దండం పెట్టుకుంటారు, మా ఆయన ఒక్కరే తప్ప. అక్కడ కూడా ఒకటి పెట్టాను.

నిద్ర లేచి ఆ ఫైలును కారులో ఎక్కించుకున్నారు. అంతటితో ఆగితే బాగుండేది. కల్వకుర్తిలో ఉండే మా ఆడబిడ్డ మొగుడు విజేందర్ అన్నయ్యకూ అదే కారుంది. "నేనే తయారు చేసిన బావా," అని ఆయనకు కూడా పంపారు.

పొద్దున్నే బయలుదేరాం. ఊరికొక గంట, మలుపుకొక గంట.

"ఈ రూట్ల గూడ ఇన్ని పెట్టిండ్రా! జనాన్ని పీక్క తింటాండ్రు," అని గొణుగుతూనే మా ఆయన బ్రేకు మీద కాలు తీయలేదు. వెనక అత్తమ్మ మొదట సీటు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దేవరకొండ వచ్చేసరికి చేతులు వదిలి కొంగు ముడి విప్పి పల్లీలు తీసింది.

"నా కొడుకు మారిండే సంధ్యా. గిట్ల నడిపితె వచ్చేటప్పుడు నందికొండకు పోయి సాగర్ డ్యాం గూడ సూసొద్దుము."

నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. చేలు బాగున్నాయి.

డిండి దాటుతుండగా ఫోన్ మోగింది. విజేందర్ అన్నయ్య. మాట కారు స్పీకర్లో అందరికీ వినిపించింది.

"బామ్మర్దీ, నీ ఫైలు పెట్టుకొని పొద్దుగాల దేవరకొండకు పోయి వచ్చిన. మైసమ్మ కాడ కెమెరా అని గంట కొట్టింది. దిగి చూసిన. మైసమ్మ తప్ప ఎవ్వరు లేరు."

"దాచిపెట్టి ఉంటరు బావా. మంచిగ చూడకపోతివి."

"బడుల కాడ గూడ లేవు. ఏం ఫైలయ్యా అది? ఎడ్లబండి లెక్క నడిపిన నేను!"

మైసమ్మ గుడి రానే వచ్చింది. గంట మోగింది. మా ఆయన కారు పక్కకు ఆపి దిగారు. వేపచెట్టు చుట్టూ తిరిగారు. కొమ్మల్లోకి మెడ విరిగేలా చూశారు. త్రిశూలం వెనక చూశారు. ఆఖరికి అమ్మవారి వెండి కళ్ల వైపు కూడా కాసేపు అనుమానంగా చూశారు.

అత్తమ్మ నెమ్మదిగా దిగి దండం పెట్టుకుంది. "ఏం దేవులాడుతున్నవు కొడుకా?"

"కెమెరా అమ్మా. లేదు! నల్లగొండ నుంచి గిక్కడిదాంక ఉత్తగనే మెల్లగ నడిపిన."

"ఉత్తగనే?"

"మరి? ఎక్కు, జల్ది పోదాం. పోయిన టైమంతా గుంజాలె ఇప్పుడు."

అత్తమ్మ ఎక్కలేదు. వెనక డోరు తీసి తన సంచి బయటికి తీసుకుంది.

"నువ్వు పో. నేను బస్సుల వస్త."

"మల్ల మొదలువెట్టినవా!"

"నాకోసం మెల్లగ నడుపుతున్నవు అనుకున్న బిడ్డా. కెమెరాకోసమట. మీ బాపు మగ్గం గుంటల కూసున్నప్పుడు పోగు తెగితె ఆగి అతికేటోడు. ఆయనను ఏ కెమెరా సూసింది?"

మా ఆయన నా వైపు తిరిగారు. "ఈ ఫైలుల కెమెరాలు ఎవరు పెట్టిండ్రు సంధ్యా?"

"నేనే," అన్నాను.

"నన్ను మోసం చేసినవా?"

"చేసిన. ఆమె పల్లీలు తిన్నది."

ఇంకేదో అనబోయారు గానీ, దేవరకొండ వైపు నుంచి ఎర్ర బస్సు కనిపించింది. అత్తమ్మ చెయ్యెత్తింది. బస్సు ఆగింది. మెట్టు ఎత్తుగా ఉంది. అత్తమ్మ కడ్డీ పట్టుకుని కాలు లేపబోయింది, మోకాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. సంచిని మాత్రం మా ఆయన పట్టేసుకున్నారు, ఆమె ఇటు లాగితే ఈయన అటు లాగుతున్నారు.

"ఎక్కుతున్నవా అవ్వా? టైమైతాంది," అంది కండక్టరమ్మ.

"అమ్మా, రోడ్డు ఖాళీగుందని..." అన్నారు ఈయన.

అత్తమ్మ కడ్డీ వదల్లేదు.

"గప్పుడు స్పీడ్ బ్రేకర్‌కు రంగు..."

అత్తమ్మ రెండో చెయ్యి కూడా కడ్డీ మీద వేసింది. కాలు వణుకుతోంది. మా ఆయన ఆ కాలు వైపు చూశారు. చూసి, గొంతులోనే ఏదో అన్నారు. పక్కనే ఉన్న నాకు స్పష్టంగానే వినిపించింది. పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూస్తున్న మాట, ఎలా వినిపించదు!

అత్తమ్మకు చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. "ఏందో అంటున్నవు. బస్సు సప్పుడుకు ఇనవడ్తలేదు," అంది.

కండక్టరమ్మ తల బయటికి పెట్టింది. కిటికీల్లోంచి ఇంకొన్ని తలలు బయటికొచ్చాయి. మా ఆయన సంచిని గుండెలకు హత్తుకుని, క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతుతో అన్నారు:

"తప్పు నాదేనమ్మా! స్పీడ్ బ్రేకర్‌ది గాదు, కెమెరాది గాదు. నాదే తప్పు!"