చిగుళ్ళకు సాక్ష్యం

రజనీకుమారి అన్నాన్ని మూడోసారి పిసికి కంచంలో పెట్టింది. భర్త త్రినాథరావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం తోసేశాడు.

"ఇది అన్నమేటి? రాళ్ళు! ఉడకబెట్టడం కూడా రాదేటే నీకు?"

పదిహేనేళ్ళు సైన్యంలో చేసి, చిగుళ్ళు కుళ్ళి, పళ్ళు రాలి భిలాయి చేరాడాయన. జావ కాచడం, ఉప్పునీళ్ళు పట్టడం, దిండు మీద నెత్తురు మరకలు ఉతకడం ఆమె వంతు. వైకల్యం పెన్షన్ మాత్రం ఆయనకి రావాలి. దరఖాస్తు తిరిగొచ్చింది. జబ్బు సర్వీసులోనే మొదలైందని రుజువు కావాలట.

రుజువు ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. పన్నెండేళ్ళ కిందట మంచుకొండల మీది పోస్టు నుంచి ఆయన రాసిన ఉత్తరం. 'చిగుళ్ళ నుంచి నెత్తురు ఆగడం లేదు, రొట్టె నమల్లేకపోతున్నాను' అని మొదటి నాలుగు వరుసలు. తర్వాతివి ఆమెకు కంఠతా వచ్చు. 'నేను సెలవుకొచ్చి ఎన్నాళ్ళయింది? అమ్మ అంతా రాసింది. ఆ కడుపు నాది కాదు.' కూతురు అమ్ము పుట్టాక నెలలు లెక్కేసుకుని నోరు మూసుకున్నాడు. తప్పయిందని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

కచేరీ బయట టైపిస్టు శ్యామసుందర్ మిషన్‌లో కాగితం ఎక్కించాడు. "నేను ఇక్కడే పుట్టాను దీదీ, తెలుగు చదవడం రాదు. మీరు చదవండి, నేను హిందీలో కొడతాను."

నాలుగు వరుసలయ్యాక త్రినాథరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "చాల్లే."

"పూరా ఖత్ కావాలి భాయ్‌సాబ్, ఉత్తరం మొత్తం. ముక్క పంపితే వాపస్ వచ్చేస్తాది. రాసిందంతా నిజమని కింద మీరు దస్తకత్ చెయ్యాలి. అసలు ఖత్ కూడా జత పెట్టాలి."

త్రినాథరావు ఆమె చెవి దగ్గరకు వంగాడు. "ఒసే, అతనికి తెలుగు సదవడం రాదు కదా. అందరూ క్షేమమని ఏదో సెప్పీ."

క్షేమం! ఆ ఉత్తరం చూపించి అత్తగారు నిండు చూలాలైన ఆమెను వీధి అరుగు మీద పడుకోబెట్టింది. అదీ క్షేమమే కాబోలు.

రజనీకుమారి గొంతు సవరించుకుని ఒక్క మాట వదలకుండా చదివింది. టైపు చప్పుడు ఆగిపోయింది.

"యే భీ లిఖూఁ, దీదీ? ఇదీ కొట్టాలా?"

"రాయి బాబూ."

"పరువు పోతాదే!" అన్నాడు త్రినాథరావు.

"నాది పోయి పన్నెండేళ్ళయింది."

కాగితం బయటికొచ్చాక ఆమె అసలు ఉత్తరాన్ని మడిచి గుప్పిట్లో పట్టుకుంది. కలం ఆయన ముందు పెట్టింది.

"ఆ కడుపు మాట అబద్ధమని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి, ఉత్తరం ఇస్తాను. మీ చిగుళ్ళకి సాక్ష్యం నేను చెప్పాను. నాకు మీరు చెప్పండి."