పంపుల కంపెనీ షేర్లు

ఉదయ్‌కుమార్ ఒక పంపుల కంపెనీ షేర్లు కొని, మూడేళ్లుగా దాన్ని పొగుడుతూనే ఉన్నాడు. రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఉద్యోగం. సెకండ్ షిఫ్ట్ వారమైతే పొద్దున్నంతా ఖాళీ. టిఫిన్ దగ్గర కూర్చుని, "రైతున్నంత కాలం పంపుంటాది, పంపున్నంత కాలం ఈ కంపెనీ ఉంటాది" అనేవాడు. పక్కపేట సుపేలాలో బంధువులు కలిసినా అదే పాట. భార్య మధులత చట్నీ వడ్డిస్తూ ఊఁ కొట్టేది. విననట్టే ఉండేది గానీ, అంతా వినేది.

జాకెట్లు కుట్టి దాచుకున్న సొమ్ముతో ఆ షేర్లే కొని ఆయన్ని ఆశ్చర్యపరచాలని ఆమెకు బుద్ధి పుట్టింది. కూతురు సుచిత్ర చేత గుట్టుగా ఒక బ్రోకర్ దగ్గర షేర్ల ఖాతా తెరిపించింది. ఒక ఉదయం తల్లీకూతుళ్లిద్దరూ వంటింటి తలుపు దగ్గరగా వేసి ఫోన్ ముందు కూర్చున్నారు.

"ఇప్పుడేటి, కంపెనీవోళ్లకి ఫోన్ చెయ్యాలా?" అంది మధులత.

"కంపెనీకి దీంతో పని లేదమ్మా. అది తన షేర్లు ఎప్పుడో అమ్మేసుకుంది. ఇప్పుడు ఉన్నవాళ్లు అమ్ముతారు, కావాల్సినవాళ్లు కొంటారు. వాళ్లని కలిపే బజారే ఎక్స్ఛేంజ్. మన పవర్ హౌస్ మార్కెట్ లాంటిదే, కాకపోతే ఎవరి మొహం ఎవరికీ కనపడదు."

"మరి బేరం ఎలాగ?"

సుచిత్ర ఫోన్ తెర చూపించింది. ఒక పక్క కొంటామనేవాళ్లు, ఇంకో పక్క అమ్ముతామనేవాళ్లు. ఎక్కువ ఇస్తానన్నవాడు కొనే వరసలో ముందుంటాడు. తక్కువకి ఇస్తానన్నవాడు అమ్మే వరసలో ముందుంటాడు. ధర ఒకటే అయితే ముందొచ్చినవాడిదే వంతు. రెండు వరసల ధరలూ కలిసినచోట కంప్యూటరే సౌదా కుదిర్చేస్తుంది.

"డబ్బు తీసుకుని షేర్లు ఎగ్గొడితే?"

"అలా కుదరదు. మధ్యలో పూచీ పడే సంస్థ ఉంటాది. రేపటికి నీకు షేర్లు, అవతలివాళ్లకి డబ్బు. బస్, అంతే."

పెద్దగా ఎవరూ పట్టించుకోని కంపెనీ అది. కొనేవాళ్లు రెండు వందల ఐదు రూపాయలు దాటడం లేదు. అమ్మేవాళ్లలో అందరికన్నా ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. రెండు వందల పన్నెండుకి డెబ్భై మూడు షేర్లు.

"ఎవుడో పాపం, వదిలించుకోవాలని చూస్తన్నాడు. అన్నీ మనవే తీసేద్దుం" అంటూ మధులత బొటనవేలితో నొక్కింది.

ఫోన్ టింగుమంది. వరండాలోంచి ఇంకో టింగు వినబడింది. వెంటనే, "హమ్మయ్య, పీడ వదిలింది" అన్న ఉదయ్‌కుమార్ గొంతు కూడా.

మధులత ఆ మాట పట్టించుకోలేదు. సంబరంగా తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లింది.

"ఏవండీ, నేను మీ పంపుల కంపెనీ షేర్లు కొన్నాను."

ఆయన చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఎన్ని?"

"డెబ్భై మూడు."

అమ్మినవాడి పేరు ఎక్స్ఛేంజ్ చెప్పదు. ఆయన మొహం చెప్పేసింది. గుమ్మంలో నిలబడ్డ సుచిత్ర నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది.

"మూడేళ్లు పొగిడి, దొంగచాటుగా అమ్ముతారేటండీ?" అంది మధులత. ఆమెకు కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు.

"ధర కదలట్లేదు లతా. అందరికీ చెప్పీసినాను కదా, అమ్ముతున్నానంటే పరువు పోతాదని..." ఆయన తల గోక్కున్నాడు. "పెళ్లయ్యాక నా మాట నమ్మి నువ్వు చేసిన పని ఇదొక్కటే. అదీ ఇవాళే చెయ్యాలా?"

మధులతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన పక్కన కూర్చుంది. షేర్లు ఇంట్లోవి ఇంట్లోనే ఉన్నాయి, ఇద్దరి చేతా కమీషన్ కట్టించుకున్న బ్రోకరే బాగుపడ్డాడని సుచిత్ర లెక్క తేల్చింది.

"పోనీ, వెనక్కి అమ్మీ" అన్నాడాయన.

"నేనెందుకు అమ్ముతాను? మీరు చెప్పిన మాట మీరు మార్చుకున్నారు. నేను ఇంకా మార్చుకోలేదు."

ఆ తర్వాత ధర కాస్త పెరిగింది, కాస్త తగ్గింది, మళ్లీ పెరిగింది. మధులత కంగారు పడలేదు. ఉదయ్‌కుమారే కుదురుగా ఉండలేక, డ్యూటీకి బయల్దేరే ముందు స్కూటర్ దగ్గర నిలబడి అడిగేవాడు.

"మనది ఎంతుంది?"

"మనది కాదు, నాది" అనేది మధులత. ఆ తర్వాతే ధర చెప్పేది.