బాలయేసు పాదం తుడిచే గుడ్డ

ఇరవై ఏళ్లుగా క్రిస్మస్‌కి ఇన్నమ్మ పని ఒక్కటే. పూజ అయ్యాక ఫాదర్ గారు పశువుల పాకలోంచి బాలయేసు బొమ్మని తీసి పట్టుకుంటారు. ఊళ్లో కేథలిక్కులంతా వరుస కట్టి ఆ పాదానికి ముద్దు పెడతారు. ఒకరు ముద్దు పెట్టగానే ఇన్నమ్మ తెల్లగుడ్డతో పాదం తుడుస్తుంది. తర్వాత ఇంకొకరు. చిన్న పనే. అయినా ఆ గుడ్డని నెల ముందే ఉతికి, గంజి పెట్టి, మడత నలక్కుండా ట్రంకు పెట్టెలో దాచుకునేది.

కరోనా వచ్చిన ఏడాది డిసెంబరు మొదట్లో ఆ గుడ్డ పట్టుకునే ఫాదర్ చార్లెస్ గారి దగ్గరికి వెళ్లింది.

"ఫాదర్ గారండీ, నాకిప్పుడు తెలిసొచ్చింది. నూట యాభై మందికి ఒకటే గుడ్డ. ఇన్నేళ్లూ తుడుస్తున్నాననుకున్నాను. ఒకళ్ల ఎంగిలి ఇంకొకళ్లకి పూస్తున్నానండీ!"

ఫాదర్ గారు నవ్వబోయి ఆగిపోయారు. ఆగస్టులో బడి మేష్టారు కిషోర్ బాబు గారు ఆ జబ్బుతోనే పోయారు. సమాధి దాకా వెళ్లింది నలుగురే.

"ఈసారి ముద్దు వద్దులే ఇన్నమ్మా. దూరం నుంచి దణ్ణం పెట్టుకుందాం. అసలు గుడిలో దూరం దూరంగా కూర్చోబెడితే యాభై మంది కూడా పట్టరు. మిగతావాళ్లని ఏ మొహంతో పొమ్మంటాం?"

ఇన్నమ్మ తిరుపతిరావు గారి మామిడి తోటలో కోతల మేస్త్రి. ఆ తోటలో ఏ చెట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. పాతకాలం తోట, చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగులు. ఇంతకన్నా దూరం ఎవరు పాటిస్తారు? ఇంటికో చెట్టు ఇస్తే సరి!

పండగ పూజకి తోట ఇవ్వమని ఇన్నమ్మ వెళ్లి అడిగితే తిరుపతిరావు గారు తల గోక్కున్నారు. "పూత మొదలైంది ఇన్నమ్మా. పండగ వారమే మందు కొట్టించాలి."

"పండగ మర్నాడు కొట్టించండి బాబుగారూ. ఒక్క రెమ్మ విరిగినా నన్ను కోతలకి పిలవకండి."

"నువ్వు రాకపోతే కాయ నేను కోస్తానా ఏంటి? సరేలే. పొగ, టపాకాయలు మాత్రం వద్దు. మా ఇంటావిడ బసవమ్మ కూడా చూడ్డానికి వస్తానంటోంది."

ఊరంతా సంబరపడింది, ఇన్నమ్మ అత్త ఆరోగ్యమ్మ తప్ప. ఆమెకి ఎనభై రెండు.

"ముద్దు వద్దన్నది ఎవరే?"

"నేనే అత్తా."

అంతే, ఆ పూట నుంచి ఆమె కోడలితో మాట మానేసింది. ఏదన్నా చెప్పాలంటే గోడకి చెప్పేది. "గోడా, కూరలో ఉప్పు లేదని చెప్పు."

"గోడా, బీపీ ఉన్నవాళ్లకి అంతే ఉప్పని చెప్పు," అనేది ఇన్నమ్మ.

ఒకరోజు ముసలామె కంచం పక్కకి తోసింది. "గోడా, మా అమ్మ చంకనెత్తుకుని పెట్టించినప్పటి నుంచి ఒక్క ఏడాది తప్పలేదు. వచ్చే పండక్కి నేనుంటానని తను రాసిస్తదేమో అడుగు."

ఇన్నమ్మ మొగుడు పోయాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. ఈమెకేదన్నా అయితే నిజంగానే గోడ ఒక్కటే మిగులుతుంది. అందుకే కదా వద్దన్నది!

పండగ పొద్దున తోట చూడాలి. ముప్పై ఆరు చెట్లకి సున్నంతో నెంబర్లు, చెట్టు కింద ఒక చాప, చాప మీద ఒక కుటుంబం. కొత్త చీరల మీద పూతలోంచి జిగట తేనెమంచు రాలి, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే అంటుకుపోతున్నారు. ఇన్నమ్మ చేతిలో పన్నెండడుగుల చిక్కం. కాయ కింద పడకుండా కోసే వలసంచీ కర్ర అది. ఎవరు తమ చాప దాటినా ఆ కర్ర అడ్డం వస్తోంది. గుడిలో జపాలు చెప్పే ఉపదేశి శౌరి కబుర్లకని పక్క చెట్టుకి నాలుగడుగులు వేశాడో లేదో, చిక్కం వచ్చి నెత్తిన పడింది.

"ఇంకా పండలేదులే ఈ కాయ, వెనక్కి పంపు!" అని ఎవరో అరిచారు. తోటంతా ఘొల్లుమంది.

పూజ అయింది. ఫాదర్ గారు బాలయేసుని మధ్యలో స్టూలు మీద పడుకోబెట్టి పక్కకి జరిగారు. అందరూ ఉన్నచోటే మోకరించారు. ఆరోగ్యమ్మ మాత్రం లేచింది. కర్ర పొడుచుకుంటూ తిన్నగా స్టూలు వైపు నడిచింది.

ఇన్నమ్మ చిక్కం అడ్డం పెట్టింది. "అత్తా, ఆగు."

మూడు వారాల తర్వాత ముసలామె మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. "తియ్యవే. నన్ను కూడా కోస్తావా ఏంటి?"

నవ్వులు లేచాయి గానీ ఇన్నమ్మ నవ్వలేదు. ఆ పొద్దున్నే బొమ్మని తనే సబ్బుతో కడిగింది. ఆ పాదానికి ఏడాదిగా ఎవరి పెదవీ తగల్లేదు. భయమంతా ముందు పెట్టినవాళ్ల గురించీ తర్వాత పెట్టేవాళ్ల గురించే కదా! ముందూ వెనకా ఎవరూ లేకపోతే?

"ఫాదర్ గారండీ, ఒకే ఒక్కరు పెట్టొచ్చు కదండీ? ఇంకెవరూ ముట్టుకోకుండా?"

ఫాదర్ గారు చెట్ల వైపు చూశారు. "మిగతావాళ్లు ఒప్పుకోవాలి మరి."

శౌరి చెయ్యెత్తాడు. "అందరి తరఫునా అమ్మమ్మే పెట్టాలి!" చెట్టు చెట్టు కిందా చేతులు లేచాయి.

ఇన్నమ్మ చిక్కం దించింది. ఆరోగ్యమ్మ మాస్కు తీసి, వంగి, ముద్దు పెట్టింది. అయిపోయిందనుకున్నారు. ఆమె మళ్లీ వంగింది.

"అందరి తరఫునా అంటే ఒక్కటి ఎట్టా సరిపోద్ది? ఇది శౌరిది. ఈసారి గడ్డం గుచ్చుకోదులే స్వామీ. ఇది షీబాది, కాన్పు తేలిగ్గా రావాలి. ఇది రాయప్పది. పూజలో నిద్రపోయాడు, అయినా పెడతన్నా."

పేరు పిలిచినప్పుడల్లా ఆ చెట్టు కింద చప్పట్లు మోగాయి. "ఇది కిషోర్ బాబు మేష్టారిది," అనగానే ఆరో నెంబరు చెట్టు కింద మేష్టారి భార్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

గట్టు మీంచి బసవమ్మ గారు కేకేశారు. "ఆరోగ్యమ్మా, మరి మాదో?"

"మీది మరుస్తానా అమ్మా? పూత నిలబడొద్దూ!"

ముప్పై ఆరూ అయ్యాయి, పైన బసవమ్మ గారిదీ అయింది. ఆరోగ్యమ్మ నడుం పట్టుకుని ఆగింది. "ఇంకోటుంది. ఇరవై ఏళ్లు అందరి ముద్దులూ తుడిచిందే గానీ, తను పెట్టుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇది నా కోడలిది." ఈసారి రెండు పెట్టింది.

ఇన్నమ్మ తెల్లగుడ్డ తీసి పాదం తుడిచింది. ఆ ఏడాది ఆ గుడ్డకి అదొక్కటే పని. కళ్లు తుడుచుకోవడానికి చీర కొంగు చాలింది.

మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆరోగ్యమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. గోడ వైపు తిరగలేదు.

"ఇన్నమ్మా, పండగ పూట కూడా కూరలో ఉప్పు లేదేంటే?"

ఇన్నమ్మ పరుగున వెళ్లి ఉప్పు జాడీ మొత్తం తెచ్చి ముందు పెట్టింది. మళ్లీ బీపీ గుర్తొచ్చి, చిటికెడే వేసి జాడీ వెనక్కి పట్టుకుపోయింది.