నోరు జారిన జీతం

అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ ఊళ్లో నార్బర్ట్ హాల్వర్సన్‌ని మించిన పొదుపరి లేడని ఆఫీసులో అందరూ ఒప్పుకునేవారు. పిసినారి అనే మాట మాత్రం ఆయన వినేంత దూరంలో ఉన్నప్పుడు వాడేవారు కాదు. అరవై మూడేళ్ల మనిషి. లారీల కిరాయి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇరవై ఏడేళ్లుగా ప్రోగ్రామర్. చలి కొరుకుతోంది, ఇంట్లో హీటరు కాస్త పెంచమంటే భార్య మార్లిస్‌కి ఇంకో స్వెట్టరు తెచ్చి చేతికిచ్చేవాడు.

తన పొదుపేదో తాను చేసుకుని ఊరుకుంటే బాగానే ఉండేది. డబ్బు తప్ప ఏదైనా ధారాళంగా ఇచ్చే మనిషి, ముఖ్యంగా సలహా. మధ్యాహ్నం భోజనాల గదిలో ఇంటినుంచి తెచ్చుకున్న శాండ్‌విచ్ నములుతూ, ఎదురుగా ఎవరు చిక్కితే వాళ్లకి ఉపదేశం మొదలుపెట్టేవాడు. ఎక్కువసార్లు చిక్కేది ఐలా కోస్కి. యాభై నాలుగేళ్ల మనిషి. ప్రోగ్రామర్లు రాసినదాన్ని కస్టమర్ల చేతికి వెళ్లకముందే పరీక్షించి తప్పులు పట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తోంది, పంతొమ్మిదేళ్లుగా ఆ ఉపదేశం వింటోంది.

"నెలకో రెండొందలు తీసి పక్కన పెట్టు ఐలా. చక్రవడ్డీ అన్నది ఉంది చూశావూ, నువ్వు నిద్రపోతున్నా అది పనిచేస్తూనే ఉంటుంది."

"ముందు నన్ను నిద్రపోనీ," అనేది ఐలా.

శని, ఆదివారాలు ఆమె తోటసామాన్ల దుకాణంలో బిల్లులు కొడుతుందని నార్బర్ట్‌కి తెలుసు. ఆమెకి మొక్కలంటే ఇష్టం కాబోలు అనుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు కోల్బీ బయటినుంచి కాగితం గ్లాసులో కాఫీ తెచ్చుకుని వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాడు. కోల్బీ కిందటి వేసవిలోనే చేరినవాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. అతనికి పనంతా దగ్గరుండి నేర్పింది నార్బర్టే.

"ఆరు డాలర్లా! ఇంట్లో కాచుకుంటే పావలా కూడా అవదు కదయ్యా," అన్నాడు నార్బర్ట్. "ఏడాదికెంతవుతుందో తెలుసా?"

"పెద్దాయనా, ఒక మాటడుగుతా, ఏమనుకోకండి. మీరింత జాగ్రత్తపరులు కదా. అసలు మీ జీతమెంత?"

చుట్టుపక్కల బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో మోకాలి ఆపరేషన్ల గురించి అడక్కుండానే చెప్పేవారు, విడాకుల సంగతులు పూసగుచ్చినట్టు చెప్పుకునేవారు. జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తింది లేదు. కానీ నార్బర్ట్‌కి ఆ అంకె మీద చాలా ఏళ్లుగా గర్వం. ఎవరైనా అడిగితే బాగుండునని లోలోపల ఉండేది.

"తొంభై ఆరు వేలు," అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

 కోల్బీ కాఫీ గ్లాసు మూత తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఏం? అబద్ధమనుకుంటున్నావా?"

"అది కాదు పెద్దాయనా... నాకు నూట పద్దెనిమిది ఇస్తున్నారు."

నార్బర్ట్ నమలడం ఆపేశాడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"యాభై ఎనిమిది," అంది ఐలా.

"ఏంటి యాభై ఎనిమిది?"

"నా వయసు కాదులే, దానికింకా నాలుగేళ్లుంది." ఆమె నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. "పంతొమ్మిదేళ్ల నుంచీ దాచుకో, దాచుకో అంటున్నావు కదయ్యా నార్బర్ట్. నీకెంతొస్తోందే అని ఒక్కనాడైనా అడిగావా?"

అడగలేదు. ఖర్చుల సంగతే అడిగేవాడు. మనిషికి డబ్బు చాలడంలేదంటే చెయ్యి చిల్లిదై ఉంటుందని ఆయన నమ్మకం. రాబడే చిన్నదై ఉండొచ్చని ఎందుకో తట్టనే లేదు. శాండ్‌విచ్ సగంలో వదిలేసి మేడ మీదికి వెళ్లాడు. ఆయన తిండి వదిలేయడం అందరూ అదే మొదటిసారి చూడటం.

మేడ మీద యజమాని గ్రేడీ ఉంటాడు. వాళ్ల నాన్న కాలంలో నార్బర్ట్ చేరినప్పుడు గ్రేడీ ఆఫీసు కుర్చీల్లో గిరగిరా తిరుగుతూ ఆడుకునే పిల్లాడు.

"జీతాలు మాట్లాడుకోకూడదన్నది మన పద్ధతి కదా నార్బర్ట్!"

"పద్ధతి నీది. చట్టం మాట్లాడుకోవచ్చనే అంటోంది. కోల్బీకి అంతెందుకిచ్చావు?"

"అడిగాడు, ఇచ్చాను. నువ్వెప్పుడూ అడగలేదు."

"ఓహో, అడక్కుండా నమ్మకంగా పనిచేసినందుకు ఇరవై ఏడేళ్ల జరిమానా అన్నమాట!"

గ్రేడీ తల గోక్కున్నాడు. తలుపు వేసొచ్చాడు. "చూడు, నీకు ఇరవై వేలు పెంచుతా. మూడో కంటికి తెలియకూడదు."

"మరి ఐలా?"

"ఆవిడకి కావాలంటే ఆవిడే వస్తుంది."

మెట్లు దిగుతూనే నార్బర్ట్ ఆ ఇరవైని రిటైరయ్యేదాకా హెచ్చవేశాడు, వడ్డీ కలిపాడు, కింది మెట్టు మీద కాలు పెట్టేసరికి ఇంటికి కొత్త పైకప్పు వేయించేశాడు. గాల్లో తేలిపోయినట్టుంది. అయినా తన బల్ల దగ్గరికి ఐలా ముందునుంచి వెళ్లకుండా, ప్రింటర్ వెనకనుంచి చుట్టు తిరిగి వెళ్లాడు.

సాయంత్రం భోజనం దగ్గర మార్లిస్ విని, "ఇరవై వేలే! కిక్కురుమనకుండా తీసుకో," అంది. రెండు ముద్దలు తిన్నాక, "ఐలాకెంత పెంచాడు?" అని అడిగింది.

నార్బర్ట్ గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకాస్త వడ్డించుకున్నాడు.

"నువ్వు మారు వడ్డించుకున్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట. చెప్పు."

చెప్పాడు. మార్లిస్ చెంచా కింద పెట్టింది. "ప్రతి శనివారం పిట్టలకి గింజలు కొంటే బిల్లు కొట్టేది ఆవిడే. ఇకనుంచి ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు? ఇంకో కొట్టుకి వెళ్లాలంటే ఊరవతలికి పోవాలి. వారం వారం పెట్రోలు నువ్వు పోస్తావా?"

న్యాయం, ధర్మం అని చెప్పి ఉంటే ఆయన వాదనకి దిగేవాడేమో. పెట్రోలు మాట సూటిగా వెళ్లి తగిలింది.

శుక్రవారం రాండల్ అనే ప్రోగ్రామర్ పుట్టినరోజు. భోజనాల గదిలో కేకు చుట్టూ అందరూ మూగారు. పాట అయిపోగానే నార్బర్ట్ చేతిలో పళ్లెంతోనే గొంతు సవరించుకున్నాడు.

"గ్రేడీ నాకు ఇరవై వేలు పెంచుతానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే అందరికీ చెప్తున్నా."

తూము ఎత్తేసినట్టయింది. నాకింత, నీకింతా, అయ్యో మరి నాకింతేనా అంటూ గది హోరెత్తింది. ఎనిమిదేళ్లుగా ఒకే కారులో వచ్చిపోయే ఇద్దరు స్నేహితురాళ్లలో ఒకామె ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్లింది. అందరికన్నా ఎక్కువ జీతం పుట్టినరోజు పెళ్లికొడుకుదేనని తేలింది. అందరికన్నా తక్కువ పని కూడా అతనిదేనని వేరే చెప్పనక్కర్లేకపోయింది. రాండల్ కొవ్వొత్తులు ఊదకుండానే బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

అప్పుడే గ్రేడీ కేకు ముక్క కోసం వచ్చాడు. 

నార్బర్ట్‌కి ఆవేశం పొంగుకొచ్చింది. "నా ఇరవైలో పద్నాలుగు తీసి ఐలాకియ్యి," అన్నాడు. ఆ మాట నోరు దాటుతుంటే మత్తుసూది లేకుండా దవడ పన్ను పీకినట్టనిపించింది.

"నీ ముష్టి ఎవరడిగారయ్యా?" ఐలా కసిరింది. "నీది నువ్వుంచుకో. నాది నాకు ఆయన్నివ్వమంటున్నా." గ్రేడీ వైపు తిరిగింది. "వీళ్లు రాసింది నేను చూసి సరే అంటేనే నీకు డబ్బొస్తోంది గ్రేడీ. నేను మొక్కలమ్ముకోకుండా బతికేంత జీతం ఇయ్యి. పక్కవాళ్లకన్నా మరీ తీసికట్టుగా కాకుండా ఇయ్యి."

"కేకు తిన్నాక మాట్లాడదాం ఐలా."

"కేకు నేను పట్టుకుంటా, నువ్వు మాట్లాడు." అని ఆయన చేతిలో పళ్లెం తీసేసుకుంది.

ఆ పూటకి ఏదీ తేలలేదు. రెండు వారాలపాటు మేడ మీద తలుపులు మూసుకునే ఉన్నాయి. గ్రేడీ వకీలుతో మాట్లాడాడు, అకౌంటెంటుతో మాట్లాడాడు, ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. కుటుంబమైతే కంచంలో ఇంత తేడా ఏంటని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. చివరికి ఐలా జీతం ఎనభై ఒక్క వేలయింది. మరో ముగ్గురికి కాస్తోకూస్తో పెరిగింది. కోల్బీకి ఏమీ పెరగలేదు, తగ్గనూ లేదు. రాండల్‌కి పని పెరిగింది. నార్బర్ట్‌కి ఇరవై పోయి తొమ్మిదితో సరిపెట్టారు.

"ఒక్క మాటకి పదకొండు వేలు," అని ఆయన చాలా రోజులు కంచం ముందు నిట్టూర్చేవాడు. "ఏడాదికి!"

"నీ జీవితంలో నువ్వు చేసిన పెద్ద ఖర్చు అదే," అంది మార్లిస్. "నాకు భలే నచ్చింది."

ఐలా దుకాణం పని మానేసింది. ఏప్రిల్‌లో ఒక శనివారం కొత్త ఎర్ర కారు వేసుకుని వాళ్లింటి ముందుకొచ్చి హారన్ కొట్టింది. సరస్సు ఒడ్డు వెంబడి టూ హార్బర్స్ అనే ఊరి దాకా షికారు. మార్లిస్ ముందు సీట్లో కూర్చుంది, నార్బర్ట్ వెనక.  అరగంట పాటు ఆయన సీటు తోలు నిమిరాడు, తలుపు మీద మీటలు లెక్కపెట్టాడు, రెండుసార్లు ఊపిరి పీల్చుకుని మళ్లీ వదిలేశాడు.

ఐలా అద్దంలోంచి చూస్తూనే ఉంది. "అనెయ్ నార్బర్ట్. లోపల పెట్టుకుంటే కడుపుబ్బరం."

"రెండేళ్లు వాడిన కారు కొనుంటే ఎనిమిది వేలు మిగిలేవి," అన్నాడాయన ఒక్క గుక్కలో.

"మిగిలేవి," అని ఒప్పుకుని, ఐలా యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కింది.

టూ హార్బర్స్‌లో పొగబెట్టిన చేప కొనుక్కుని, గాలికి వెన్ను తిప్పి ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. సరస్సులో మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతున్నాయి. చేప ముళ్లు తీసే పని నార్బర్ట్‌దే అయింది. మెత్తటి ముక్కలు వాళ్లిద్దరికీ అందిస్తూ, ముళ్లకంటుకున్నది తాను తిన్నాడు.