రాజీ కల్లు

మా తమ్ముడు ఇస్తారి పెండ్లాం ఐలవ్వ, ఇరిగిన చేతికి వెదురుబద్దలు కట్టుకొని పుట్టింటికి పోయింది. అరవై ఒకటో సాలు, మాఘమాసం. చెయ్యి ఇరగ్గొట్టింది ఇస్తారే. బొగ్గుబాయిల పని దిగి, సారా తాగి వచ్చి, ఏదో మాటకు నూకిండు. ఆమె రోలంచు మీద పడ్డది. తెల్లారి లేచి చెయ్యి ఎట్ల ఇరిగిందని ఆమెనే అడిగిండు. ఆమె మూట కట్టుకున్నది.

ఆమె తండ్రి బుచ్చిరాములుది ధర్మపురి పక్కన గోదారి ఒడ్డు పల్లె. మేం అన్నదమ్ములం గోదారికి ఇవుతల, ఆదిలాబాద్ జిల్లాల, బాయి కాడి రేకుల ఇండ్లల్ల ఉంటం. నేను పెద్దోన్ని కాబట్టి ఆమెను పంపుమని అడగపోయిన. బుచ్చిరాములు, వైశాఖంల కులపెద్దలను కూసోబెడుత, అప్పటికి తాగుడు మానిండని తేలితే బిడ్డను పంపుత అన్నడు. లేకుంటె మారుమనువు చూస్త అన్నడు. మా కులంల మారుమనువు తప్పు కాదు. ఆ మాట వచ్చి ఇస్తారికి చెప్పిన. మర్నాడు మల్ల తాగిండు.

ఆ యేడే బాయి దవాఖానల తాగుడు మాన్పేటందుకు ఒక బల్ల, ఒక రిజిస్టరు పెట్టిండ్రు. మంచం మీద పండేది లేదు. పని దిగంగనే పోవాలె, కంపౌండరు దేవదాస్ ముంగట తెల్లగోలి మింగాలె, ఇంటికి రావాలె. మంగళారం డాక్టరు చూస్తడు. నేనే ఇస్తారిని చెయ్యి పట్టుకొని తోలుకపోయిన. డాక్టరు కోస్తా దిక్కు ఆయన, నెమ్మదస్తుడు. నన్ను గూడ కూసోబెట్టి చెప్పిండు. ఈ గోలి ఒంట్ల ఉండంగ సారా గాని కల్లు గాని ఒక్క గుక్క దిగినా మొకం కందుతది, గుండె దంచుతది, కక్కుతడు, పానం మీదికి సుత వస్తది. గోలి మానినంక గూడ రెండు వారాలు దాని జోరు పోదు. నేను తల ఊపిన.

వరండాల బల్ల మీద ఐదారుగురు వరుసగ కూసునేది. జరం మందుకు సీసాలు పట్టుకొని వచ్చిన ఆడోళ్లు చూసి నవ్వేది. పెండ్లిపిలగాండ్ల లెక్క ఎంత కుదురుగ కూసున్నరో చూడుమని ఒక ముసలామె అంటె, తలంబ్రాలకు నువ్వే రావాలె అవ్వా అన్నడు దేవదాస్. ఇస్తారి తువ్వాలను మొకం మీదికి లాక్కున్నడు. నెల గడిచినంక తువ్వాల భుజం మీదికి వచ్చింది. చేతులు వణుకుడు తగ్గింది. ఒకనాడు ఇంట్లకెల్లి రోలును పెకిలించి, దొర్లించుకుంట పోయి ఇంటెనక పారేసిండు. గుంతను మట్టితోని పూడ్చి అలికిండు. ఎందుకని నేను అడగలే.

వైశాఖంల కబురు వచ్చింది. నాలుగు దినాలల్ల పెద్దలు కూసుంటరు, రండ్రి అని.

అప్పుడు పట్టుకున్నది మాకు పరేషాన్. మా దాంట్ల రాజీ అంటె నోటిమాట కాదు. మాట కుదిరినంక తాటికల్లు లొట్టి తెస్తరు. భూమాతకు ఇంత సాక పోసి, ఒకే రేకల అటోడు సగం, ఇటోడు సగం తాగుతరు. తాటాకు మడిచిన ఆ రేకను పట్టనంటె రాజీ లేనట్టే. కడుపుల ఇంకా కోపం ఉన్నదని లెక్క.

"అన్నా, గోలి సంగతి పెద్దలకు చెప్పుదాం" అన్నడు ఇస్తారి. "కల్లు నాకు పడదంటె ఒప్పుకుంటరు కావచ్చు."

నేను ఒప్పుకోలే. మందు పెట్టి ఆపింది మానినట్టు ఎట్లయితది అంటరు. గోలి బందైన నాడు మల్ల మొదలు అంటరు. తాగుబోతుల బల్ల మీద కూసున్నడని ఊరంత నవ్వుతది. గదంత వద్దు, ఈ నాలుగు దినాలు గోలి మింగకు, రేకెడు కల్లుకు ఏం కాదు అన్న.

ఇస్తారి రెండు వారాల మాట యాది చేసిండు. నాకూ యాదికున్నది. కాని మా ఊర్ల పసరు పోసే రాయమల్లు కామెర్లకు నలభై దినాల పత్యం అంటడు. పది దినాలకే చింతపులుసు తింటం. ఎవ్వరికి ఏం కాలే. మందు ఇచ్చెటోడు ఎప్పుడైన నాలుగు దినాలు ఎక్కువనే చెప్తడు. డాక్టరు మాటను గూడ నేను గట్లనే కొలుసుకున్న. ఊరికి పోతున్నం అని దేవదాస్‌కు చెప్తె గోలీలు కాయితంల పొట్లం కట్టి, దవాఖాన చిట్టితోని ఇచ్చిండు. ఆ పొట్లం నేను తీసుకొని నా జేబుల వేసుకున్న.

మోకాలి లోతు నీళ్లల్ల గోదారి దాటి పొద్దుగాలనే చేరినం. బుచ్చిరాములు వాకిట్ల పందిరి కింద చాప పరిచిండ్రు. పెద్దమనిషి మొండయ్య నడుమ కూసున్నడు. ఐలవ్వ దర్వాజ ఎనక నిలబడ్డది. చెయ్యి అతుకుపడ్డది కాని కొంగు కింద దాసుకున్నది.

మొండయ్య ఇస్తారిని నిలబెట్టి అడిగిండు. ఇస్తారి తప్పు ఒప్పుకున్నడు. మూడు నెల్ల సంది ముట్టలే అన్నడు. బాయి కాడికి కూలికి వచ్చి పోయిన వాళ్లు ఇద్దరు, అవు నిజమే, మనిషి మారిండు అన్నరు. బుచ్చిరాములు ఆ ఇద్దరి మొకాలు చూసిండు. చూసి, సరే పంపుత అన్నడు. దర్వాజ ఎనక గాజుల సప్పుడైంది.

కల్లు గీసే గౌండ్ల అంజన్న లొట్టి దించిండు. సాక పోసినంక బుచ్చిరాములు సగం రేక తాగి, మిగిలింది అల్లుని ముంగటికి చాపిండు. ఇస్తారి రేక పట్టుకున్నడు కాని తాగలే. నా దిక్కు చూసిండు.

నేను తాగుమని కన్ను ఆడించిన.

తాగిండు. అందరు నవ్వుకుంట రెండో లొట్టి వంచుతున్నరు. నా కండ్లు తమ్ముని మీదనే ఉన్నయి. ముందుగాల చెవులు ఎర్రబడ్డయి. మెడ ఎర్రబడ్డది. కండ్లల్ల నెత్తురు జీరలు వచ్చినయి. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని ఊపిరి గుంజుకున్నడు. లేచి అవుతలికి పోదామని చూసిండు గని కాళ్లు తడబడి మామ కాళ్ల మీదనే కక్కి, అట్లనే బోర్ల పడ్డడు.

సారా పోసుకొనే వచ్చిండురా అన్నరు ఎవరో.

నేను అడ్డం పోయి అప్పుడు చెప్పిన, దవాఖాన సంగతి, గోలి సంగతి. జేబులకెల్లి పొట్లం తీసిన, దవాఖాన చిట్టి తీసిన. చిట్టి ఇంగ్లీషుల ఉండె. నేను చదివింది ఊరి బడి. అండ్ల ఏం రాసి ఉన్నదో నాకే చదవరాలే. మొండయ్య చిట్టిని అటిటు తిప్పి నా చేతుల పెట్టిండు.

"హనుమండ్లూ, తమ్ముని మీద ప్రేమ, పావురం ఉండాలె, కాదన. కాని రేకెడు కల్లుకు సంటిపోరడు సుత గిట్ల పడడు" అన్నడు.

ఐలవ్వ చెంబుల నీళ్లు తెచ్చింది. ఇస్తారి తల ఒళ్లె పెట్టుకొని కొంగుతోని మొకం తుడిచింది. వంగి మొకం దగ్గెర మొకం పెట్టి చూసింది. బుచ్చిరాములు వచ్చి రెక్క పట్టుకొని లేపి ఆమెను లోపలికి తోలిండు. తరువాత కాళ్లు కడుక్కున్నడు.

పొద్దు వాలెదాక తమ్మున్ని నీడకు పండబెట్టిన. తేరుకున్నడు. వాపసు వచ్చేటప్పుడు గోదారి నడుమ ఆగి, నీళ్లు దోసిట్ల పట్టి మొకం కడుక్కున్నడు. నన్ను తిడితె బాగుండు అనిపించింది. 

మంగళారం డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన కలం కింద పెట్టి, "రెండు వారాలని చెప్పాను కదయ్యా" అన్నడు.  నేను అడిగితె తెలుగుల ఒక కాయితం రాసి మొహరు కొట్టి ఇచ్చిండు. ఈ మనిషి ఆనాడు తాగి రాలేదు, మందు ప్రభావం వల్లనే పడిపోయిండని అండ్ల ఉన్నది. అది నాకు చదవవచ్చింది. తొవ్వ పొడుగునా రెండుసార్లు చదువుకున్న.

నేను పోయేసరికి బుచ్చిరాములు ఇంట్ల లేడు. ఐలవ్వ ఒక్కతే వాకిట్ల కూసొని తునికాకు కట్టలు కడుతున్నది. ఎడమచెయ్యి బొటనవేలు వంగుతలేదు. నార కొసను పండ్లతోని పట్టి గుంజి ముడి వేస్తున్నది. నీళ్లు ఇచ్చింది. నేను కాయితం తీసి చదవబోయిన.

"వద్దు బావా, నాకెర్కనే" అన్నది.

ఎట్ల ఎరుక అని అడిగిన.

"తొమ్మిదేండ్లు ఆయిన పక్కన పన్న. సారా వాసన నాకెర్క లేదా? మొకం తుడిచిన నాడు చూసిన. గా రేకెడు కల్లు వాసన తప్పితె ఏం లేకుండె."

"మరి గాడ నలుగురిల ఎందుకు చెప్పలే బిడ్డా?"

ఆమె కట్టను పక్కకు పెట్టింది. "నన్నెవరు అడిగిండ్రు? పెద్దలు అడగలే, బాపు అడగలే. నువ్వు సుత నా దిక్కు తిరిగి అడగలే బావా."

 మామ వచ్చినంక కాయితం చూపిస్త, మల్ల కూసోబెడుదాం అన్న. ఆమె తల అడ్డం ఊపింది. పెద్దపల్లి దిక్కు మనిషి, పెండ్లాం సచ్చిపోయినాయన, మారుమనువుకు నిన్ననే వచ్చి పోయిండట. మాట కుదిరి కల్లు సుత తాగిండ్రట. తాగినంక మాట తిరగదు. అది నాకు ఆమె చెప్పనక్కర లేదు.

నేను లేస్తుంటె అడిగింది.

"ఇప్పుడు తాగుతుండా?"

"లేదు. దినాం దవాఖానకు పోతుండు."

"మంచిది. గోలి బందు చెయ్యనియ్యకు" అని కట్ట మల్ల చేతులకు తీసుకున్నది.

ఇల్లు చేరేసరికి ఇస్తారి దవాఖానకెల్లి వచ్చి గడప మీద కూసున్నడు. నేను కాయితం తీసుకొని పోయింది వానికి ఎరుకే. చెప్పులు ఇడిచేదాక ఆగి, ఏమన్నది అన్నా అని అడిగిండు.

ఇంట్ల లేకుండెరా అన్న. తునికాకుకు పోయిందట, అడవికి.

ఇస్తారి నా మొకం చూసి, జేబుల అట్లనే ఉన్న కాయితం చూసిండు. తరువాత కూసున్న కాడికెల్లి లేచిండు.

"ఎండల పడి వచ్చినవు. కాళ్లు కడుక్కో, అన్నం పెడుత" అన్నడు.