తొందరపడ్డ కీరదోస

మా పాలీహౌస్‌లో కీరదోస విత్తనం ఇంకా పెట్టలేదు. కాయలు మాత్రం ఈ ఉదయమే కోతకొచ్చి వేలాడుతున్నాయి.

ప్యాకెట్టు మీద హైబ్రిడ్ రకమనీ, నలభై రోజుల్లో కాపుకొస్తుందనీ రాసి ఉంది. తొందర రకమంటే మరీ ఇంత తొందరని నేననుకోలేదు. తప్పు నాదే. తీగలు పాకడానికి పైనుంచి తాళ్లు మొక్కలు మొలిచాకే కట్టాలి. పని కలిసొస్తుందని నేను నిన్ననే కట్టేశాను.

"తాళ్లు కట్టి పిలిస్తే రాకుండా ఎట్లుంటాయి మే? మొగమాటానికి వచ్చేసిండాయి," అంటుంది మా అత్త నాగవేణమ్మ.

అత్తకు జ్వరం తగ్గి పదకొండు రోజులైంది. నాలుకకు రుచి మాత్రం తిరిగి రాలేదు. ఏం పెట్టినా మట్టిలా ఉందని పక్కకు నెట్టేస్తుంది. మనిషి సగమైపోయింది. పొయ్యి వెలిగించాలంటేనే నాకు భయంగా ఉంటోంది.

ఇప్పుడు తనే ఒక కాయ తెంపి, కొన కోసి, ఆ ముక్కతోనే చేదు నురగంతా వచ్చేదాకా రుద్ది, కొరుకుతుంది. నమిలి ఆగుతుంది.

"బలే ఉండాది మే," అంటుంది. ఇంకో రెండు తింటుంది. సంతోషం పట్టలేక నాకు ఏడుపొస్తుంది.

నారు ట్రేలు ఇచ్చే మునెప్ప లోపలికొచ్చి, తీగలకేసి చూసి తల గోక్కుంటాడు.

"యశోదక్కా, విత్తనం ఇంకా పెట్టలేదు గదా. పొద్దు గూకేలోపల పెట్టకుంటే ఇయన్నీ కాయనట్టే. మీయత్త తిననట్టే."

"ఆ రుచి?"

"అదీ పోతాది."

గబగబా ప్యాకెట్టు చింపుతాను. మునెప్ప ట్రేల నిండా వేరేవాళ్ల నారే ఉంది. మడుల్లోనూ జాగా లేదు. ఏ గుంతలో చూసినా, అందులో పెట్టాల్సిన విత్తనం తాలూకు మొక్క ముందే నిలబడి ఉంది. పీకితే కాయలు పోతాయి. ఎండ పాలీహౌస్ ప్లాస్టిక్ పైకప్పు మీంచి కిందికి జారుతోంది.

అత్త కొంగుతో మూతి తుడుచుకుని అరచెయ్యి చాపుతుంది.

"దీంట్లో పెట్టు. ఇన్నేండ్లు మట్టి పిసికిన చెయ్యి, మొలిపించకుండా యాడికి పోతాది?"

గింజలన్నీ అందులో పెట్టి నీళ్లు చిలకరిస్తాను. చక్కిలిగింతలు పుడుతున్నాయని అత్త నవ్వుతుంది. పొద్దు గూకుతుంది. ఒక్క కాయ కూడా మాయం కాదు.

"ఇంక భయం లేదక్కా," అని మునెప్ప ట్రేలు సర్దుకుని వెళ్లిపోతాడు.

తెల్లారేసరికి అత్త చేతి మీదుగా తీగలు భుజం దాకా పాకి పసుప్పచ్చగా పూస్తున్నాయి. ప్రతి పువ్వులోనూ చిన్న నాలుక ఉంది. అన్నీ అత్త గొంతుతోనే ఆకలి, ఆకలి అంటున్నాయి. నేను రాగిసంగటి గోళీలంత ఉండలు చేసి, పప్పులో అద్ది, పువ్వుకొకటి చొప్పున తినిపిస్తున్నాను. అత్త చెవి పక్కన పూసిన పువ్వు నమలడం ఆపి, పప్పులో ఉప్పు తక్కువైందంటుంది. మిగతా పూలన్నీ అవునంటున్నాయి.