చీమలు పట్టిన చొప్ప

మా మేత పరీక్షల ల్యాబులో ఆ వారం చేయాల్సిన పనులు ఇవి. మార్కాపురం మాంసం దుకాణంలో అప్పుడే కోసిన పొట్టేలు కడుపులోని రసాన్ని వేడి ఆరకముందే ఫ్లాస్కులో తేవడం. గుడ్డతో వడకట్టడం. పొడి చేసిన చొప్పను తూచి సీసాల్లో వేసి, ఆ రసం పోసి, గొర్రె ఒంట్లో ఉండేంత వేడిలో రెండు రోజులు ఉంచడం. కరగకుండా మిగిలినదాన్ని ఎండబెట్టి మళ్లీ తూచడం. ఎంత కరిగితే గొర్రెకు అంత అరిగినట్టు లెక్క.

చొప్ప రాచర్ల నుంచి వచ్చింది. కరువు సాయం కింద అక్కడి గొర్రెలకు కాంట్రాక్టరు పంపింది. ఎంత తిన్నా గొర్రెలు చిక్కిపోతున్నాయని అక్కడ గొర్రెలు మేపుకునే రంగమ్మ ఫిర్యాదు చేసింది. ఆమెవన్నీ చూడి గొర్రెలు. చొప్ప బాగాలేదని మా రిపోర్టు చెబితేనే లోడు మారుస్తారు.

ఎండు చొప్ప సగం కరిగితేనే గొప్ప. ఇది సగం దాటిపోయింది. నాకు సంతకం పెట్టబుద్ధి కాలేదు. నమూనా తెచ్చిన అటెండరు ఆనంద్‌ను అడిగాను.

"దారిలో కాంట్రాక్టరు గోదాము కాడ బండి ఆపినావా?"

"టీ తాగినా మేడం. సంచికి కూడా తాపినానంటారా ఏంది?"

నమ్మలేదు. బీరువాలోని మిగతా చొప్ప సంచి విప్పాను. లోపలంతా చీమలు. వేళ్లకు జిగురు తగిలింది. ఎవరో తీపి చల్లారు; అది రసంలో కరిగిపోయి, చొప్పే అరిగినట్టు తూకంలో కనిపించింది. కాంట్రాక్టరు పనే అనుకుంటూ, ఆనంద్‌నూ వెంటబెట్టుకుని రాచర్ల వెళ్లాను.

రంగమ్మ దొడ్డి దగ్గరే ఉంది.

"అవ్వా, నువ్విచ్చిన సంచి ఎవరన్నా విప్పినారా?"

"ఎవరు విప్పుతారమ్మా? ఇంట్లో బెల్లమంతా నీళ్లలో కలిపి చల్లి, నేనే ముడేసినా."

"బెల్లం ఎందుకు?"

"కొత్త చోట గొర్రె మేత ముట్టదు. ఎవరికి గొర్రెనిచ్చినా గడ్డి మీద చల్లే పంపుతాం. మీ గొర్రె తినకుంటే పరీక్ష ఎట్ల చేస్తారు?"

"మా కాడ గొర్రె లేదవ్వా. సీసాల్లో అరిగిస్తాం."

"సీసాకు కడుపుంటాదా?" అంటూ ఆనంద్ వైపు చూసింది. "ఈ అబ్బయ్య ఒక్క మాటన్నా చెప్పలే."

"నువ్వు టీ అన్నా ఇచ్చి అడిగితివా అవ్వా?" అన్నాడు ఆనంద్.

విప్పని మోపుల్లోంచి ఈసారి నేనే నమూనా తీశాను. కరిగింది మూడో వంతే. లోడు వెనక్కి పోయింది. కొత్త చొప్ప వచ్చేలోపు రంగమ్మ గొర్రె ఒకటి నెలలు నిండకుండానే ఈచుకుపోయింది, పిల్ల దక్కలేదు.

రిపోర్టులో నమూనా నంబరే ఉంటుంది, మనిషి పేరుండదు. మీ ల్యాబులో ఎప్పుడైనా ఎండుగడ్డి మరీ బాగా అరిగినట్టు కనిపిస్తే, దొంగను వెతికే ముందు రాచర్ల రంగమ్మను ఒకసారి గుర్తు చేసుకోండి.